నలభై ఒక్క డబ్బాలు

"చేతులు కడుక్కున్నావా?" అని అత్తగారు అడగని రోజు లేదు. పొద్దున్నే టీ అందిస్తే అడుగుతుంది, మధ్యాహ్నం కంచం పెడితే అడుగుతుంది, కొడుకు చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చినా అడుగుతుంది. అడిగి, జవాబు వినకుండానే టీ తాగేస్తుంది. "కడుక్కున్నా అత్తయ్యా" అని చెప్పీ చెప్పీ పదకొండేళ్లలో కోడలి నోరు అరిగిపోయింది గానీ, ఆ చేతులతో ఆ పని చెయ్యొద్దని మాత్రం ఆవిడ ఒక్కనాడూ అనలేదు. అంటే ఆ పని ఇంకెవరు చేస్తారు మరి?

ఆ పనేమిటో చెప్పాలి. ముందు రెండు గదులు ఆసుపత్రి, వెనక మూడు గదులు ఇల్లు, మధ్యలో ఒకప్పుడు సామాన్లు పడేసుకునే ఇరుకు గది. ఇప్పుడది ల్యాబ్. దానికి రెండు తలుపులు, ఒకటి ఆసుపత్రిలోకి, ఒకటి వంటింట్లోకి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఆ రెండు తలుపుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. పొయ్యి మీద కూర మగ్గేలోపు ఒక స్లైడుకి రంగు పట్టించొచ్చని ఏ పుస్తకంలోనూ లేదు, తనే కనిపెట్టుకుంది. పెళ్లి మాటల్లో "అమ్మాయి ల్యాబ్ కోర్సు చదివిందట" అనగానే డాక్టరు తరఫువాళ్లు ఎగిరి గంతేశారు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. వీళ్లకి నడిచొచ్చే ల్యాబే దొరికింది. ఆ కోర్సు సర్టిఫికెట్ మాత్రం బీరువాలో, శీతాకాలపు దుప్పట్ల కింద, పెళ్లినాటి నుంచి నిద్రపోతోంది.

ఎనిమిది నెలల కిందట ప్రభుత్వం వాళ్లు వచ్చారు. వచ్చింది ఒక్కడే, క్షయ విభాగం సూపర్‌వైజరు. బండి వెనక ప్లాస్టిక్ డబ్బాలు మూటకట్టుకుని ఊరూరూ తిరుగుతాడు కాబట్టి అందరూ ఆయన్ని డబ్బాల సారు అంటారు. మనిషి మంచివాడే. వచ్చి కూర్చుని, "పల్లెల్లో జనం దగ్గొస్తే ముందు మీ దగ్గరికే వస్తున్నారు సార్. మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరితిత్తులు సగం పోయి ఉంటున్నాయి. మీరూ మేమూ చేతులు కలుపుదాం. డబ్బాలు, రంగులు, మందులు మావి. పరీక్ష మీ దగ్గర. పేషెంట్లు మీ పేషెంట్లుగానే ఉంటారు" అన్నాడు. ఆ చివరి మాటతో డాక్టరు మొహం విప్పారింది. వారం తిరక్కుండా గేటుకి బోర్డు ఎక్కింది. బోర్డు మీద డాక్టరు ఫొటో, పక్కన ప్రభుత్వ ముద్ర. లోపల, ఇరుకు గదిలో, కొత్త మైక్రోస్కోపు ముందు ఆమె.

రెండు వారాలకి మించి దగ్గు ఉన్నవాళ్లందరికీ డబ్బా ఇవ్వాలి. వాళ్లు కఫం తెస్తే స్లైడు మీద పూసి, ఎర్రరంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, నీలం రంగు వేసి చూడాలి. నీలంలో ఎర్రటి సన్నపు పుల్లల్లాంటివి కనిపిస్తే జబ్బు ఉన్నట్టు. చూసేది ఆమె. రిజిస్టరు రాసేది ఆమె. రిపోర్టు మీద సంతకం మాత్రం డాక్టరుది. అదీ ఆమే పెట్టేది. "ప్రతిదానికీ నా దగ్గరికి పరిగెత్తుకు రాకు, నా సంతకం నీకొచ్చు కదా" అన్నాడాయన మొదటి నెలలోనే. నిజమే, వచ్చు. ఆయన తొందరలో ఉన్నప్పుడు పెట్టే సంతకం కంటే ఈమె పెట్టే ఆయన సంతకమే బాగుంటుంది కూడా.

ఎనిమిది నెలల్లో మగవాళ్లు ముప్పై ఏడుమంది, అందులో ఎనిమిది మందికి జబ్బు బయటపడింది. ఆడవాళ్లు నలభై ఒక్కమంది. ఒక్కరికీ లేదు. డబ్బాల సారు రిజిస్టరు తిరగేసి, "ఆడవాళ్లలో ఒక్కటి కూడా లేదేమిటమ్మా?" అని ఆమెనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు డాక్టరు అందుకున్నాడు. "మన ఆడవాళ్లు బీడీలు కాలుస్తారా, సిగరెట్లు తాగుతారా? ఇంటిపట్టున పడుంటారు. వాళ్లకెందుకొస్తుందండీ?" డబ్బాల సారు తలూపి సున్నా రాసుకుపోయాడు. ఆ సున్నా పైకి వెళ్లింది. పైనున్న పెద్దలకి ఆ లెక్క నచ్చింది. ఇంత చక్కగా చేతులు కలిపిన ప్రైవేటు ఆసుపత్రి ఇంకోటి లేదని, పది రోజుల్లో పెద్ద అధికారి స్వయంగా వచ్చి సభ పెట్టి ప్రశంసాపత్రం ఇస్తాడని కబురొచ్చింది. డాక్టరు కొత్త కోటు కుట్టించుకుందామనుకున్నాడు. "సభకి టీలు, ఫలహారాలు నువ్వు చూసుకో" అన్నాడు ఆమెతో. అంతకుమించి ఆ సభలో ఆమెకి పనేముంది!

కోటు కుట్టేది మిషనక్క. రెండిళ్ల అవతల, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త ఎప్పుడో పోయాడు, తొమ్మిదేళ్ల కూతురుంది. నోటినిండా దారాలు, నోరంతా జోకులు. డాక్టరు బోర్డు చూసి, "ఫొటోలో మీ ఆయన భుజాలు సరిగ్గా రాలేదమ్మా, నా దగ్గరికి పంపు, ప్యాడింగ్ పెడతా" అన్న మనిషి. అలాంటిది మూడు నెలలుగా మిషను చప్పుడు మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఆగినప్పుడు దగ్గు వినిపిస్తుంది. దగ్గు కూడా గట్టిగా కాదు, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు, అరచేతిలోకి. రెండుసార్లు డబ్బా ఇచ్చారు. రెండుసార్లూ 'క్రిములు లేవు' అని రాసింది ఈమె, డాక్టరు సంతకంతో. "గుడ్డల నూగు పడట్లేదు, అంతే" అని డాక్టరు దగ్గుమందు రాశాడు, తర్వాత ఇంకో దగ్గుమందు, ఆ తర్వాత బలానికి టానిక్కు.

కోటు కొలతలు తీసుకోవడానికి వచ్చిన రోజు చూసింది ఆమె. టేపు పట్టుకున్న ఆ చేతి ఎముకలు లెక్కపెట్టొచ్చు. కొలత రాసుకుంటూ మిషనక్క గోడకి ఆనుకుంది.

"ఏంటక్కా ఇలా అయిపోయావు?"

"స్లిమ్ముగా ఉంటే బట్టలు బాగా నప్పుతాయని" అని నవ్వబోయి దగ్గింది. "సాయంత్రమయ్యేసరికి జ్వరం కాస్తోందమ్మా. టానిక్కు పడట్లేదేమో."

ఆమె లోపలికెళ్లి ఇంకో డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "మళ్లీనా?" అంటూనే మిషనక్క అటు తిరిగింది. మామూలుగా డబ్బా ఇచ్చి ఆమె వంటింట్లోకి పోతుంది, ఏదో ఒకటి అడుగంటుతూ ఉంటుంది కాబట్టి. ఆ రోజు పోలేదు. నిలబడి చూసింది. మిషనక్క గోడవైపు ఒదిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దారం కొరికి ఉమ్మినట్టు మెల్లగా 'థూ' అంది. డబ్బాలో నీళ్లలాంటి ఉమ్మి. నురగ. అంతే. "చాలా?" అని అడిగింది, ఏదో తప్పు చేసినట్టు.

ఆమె డబ్బాని వెలుతురుకి పట్టి చూసింది. అది కఫం కాదు. అది ఉమ్మి. క్రిములుండేది ఊపిరితిత్తుల అడుగున, ఉమ్మిలో ఏముంటుంది, నోట్లో నీళ్లు! కోర్సులో మొదటి వారమే చెప్పారు, చిక్కగా లేకపోతే తీసుకోకండి, వెనక్కి పంపండి అని. మరి తను నలభై ఒక్కమంది దగ్గర తీసుకున్నదేమిటి? ఒక్కో డబ్బా కళ్లముందు కదిలింది. అన్నీ ఇలాంటివే, తేటగా, పరిశుభ్రంగా, మర్యాదగా. మగవాళ్లకి డబ్బా ఇస్తే గేటు దగ్గర కాళ్లు వెడల్పు చేసి నిలబడి, వీధి మొత్తం తిరిగి చూసేలా కాండ్రించి, ఘనకార్యం చేసినట్టు తెచ్చిచ్చేవారు. ఆడవాళ్లు గోడవైపు తిరిగేవాళ్లు. ఎందుకు తిరుగుతారో తనకి తెలీదా? పెళ్లయిన కొత్తలో పడిశం పట్టి పెరట్లో గొంతు సవరించుకుంటే అత్తగారు వంటింట్లోంచి ఉరికొచ్చి, "ఏమిటా కాండ్రింపు, ఆడపిల్లవి కాదూ? వీధిలోకి వినిపిస్తోంది. మింగెయ్!" అనలేదూ? అంతకుముందు పుట్టింట్లో అమ్మా అదే మాట అనలేదూ? తను మింగింది. అప్పట్నుంచీ మింగుతూనే ఉంది. కఫం ఒక్కటే అయితే బాగుండేది. తెలిసీ, అన్నీ తెలిసీ, వంటకి ఆలస్యమవుతోందని నీళ్లని స్లైడు మీద పూసి, ఏమీ కనపడకపోతే 'క్రిములు లేవు' అని రాసింది. ఛీ! తన మీద తనకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. మొగుడి మీద కోపం వస్తుంది, పోతుంది, అన్నం తినే టైముకి సర్దుకుంటుంది. ఇది సర్దుకునే కోపం కాదు.

మర్నాడు తెల్లవారగానే ఆమె మిషనక్కని, ఇంకా ఏమీ తినకముందే, పెరట్లోకి తీసుకొచ్చింది. బట్టలారేసే తీగ కింద నిలబెట్టింది.

"గట్టిగా ఊపిరి తీసుకో. బిగబట్టు. వదులు. మళ్లీ. మూడోసారి పొట్టలోంచి దగ్గు. గొంతులోంచి కాదు, పొట్టలోంచి."

మిషనక్కకి సిగ్గు ముంచుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నా వల్ల కాదు తల్లీ. ఎవరన్నా వింటే ఏమనుకుంటారు!"

"చెయ్యి తియ్యి. నేను చేసి చూపిస్తా, నువ్వు చెయ్యి."

అని, డాక్టరుగారి భార్య, పదకొండేళ్లుగా ఆ ఇంట్లో గట్టిగా తుమ్మను కూడా తుమ్మని మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని కడుపులోంచి కాండ్రించింది. తీగ మీది కాకి ఎగిరిపోయింది. వంటింటి కిటికీ ధన్‌మని తెరుచుకుంది.

"ఎవరే అది? గేదె గానీ ఈనుతోందా?" అత్తగారు.

"నేనే అత్తయ్యా."

"నువ్వా! బుద్ధుందా? పొద్దున్నే ఏమిటా పని?"

"పరీక్ష అత్తయ్యా. ఇంకో నాలుగైదుసార్లు వినిపిస్తుంది, మీరు టీ తాగండి."

మిషనక్క నవ్వాపుకోలేక కూలబడింది. ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు ఎక్కడో అడుగునుంచి దేన్నో ఊడదీసుకుని వచ్చింది. డబ్బాలో పడింది చూసి ఇద్దరూ నవ్వు ఆపేశారు. పచ్చగా, చిక్కగా ఉంది.

రంగులు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాక వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఎటు జరిపితే అటు, నీలం నిండా ఎర్ర పుల్లలే. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. మళ్లీ అవే. మొదటి డబ్బా రోజునే సరిగ్గా చూసి ఉంటే ఈపాటికి మిషనక్క రెండు నెలల మందులు మింగి, బరువు పెరిగి, ఎవరో ఒకరి భుజాల మీద జోకులేస్తూ ఉండేది. ఆ పిల్ల తల్లి పక్కలోనే పడుకుంటుంది. దాని ఊపిరి సంగతేమిటి? వంటింట్లో కూర మాడింది. మాడనీ.

డాక్టరుకి భోజనం దగ్గర చెప్పింది. ఆయన ముద్ద ఆపి, చెప్పిందంతా విని, ముందు అడిగిన ప్రశ్న, "ఇంకెవరికైనా చెప్పావా?"

"మీకే. మందులు వెంటనే మొదలుపెట్టాలి. మిగతా నలభై మందినీ మళ్లీ పిలవాలి."

"పిచ్చా నీకు? రెండుసార్లు లేదని రాసిచ్చాం. ఇప్పుడు ఉందంటే జనం ఏమంటారు? నలభై మందిని పిలిస్తే, డాక్టరు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టాడంటారు. పది రోజులు ఆగు. సభ అయిపోనీ. తర్వాత మెల్లగా ఇంకో డబ్బా తీసుకుని, అప్పుడు కొత్తగా బయటపడినట్టు రాయి."

"పది రోజులు ఆగేలా లేదండీ మనిషి."

"మూడు నెలలు ఆగింది, పది రోజులు ఆగలేదా? కూర ఇలా మాడ్చావేంటి?"

అదే నోటితో అన్నాడు రెండు మాటలూ, మధ్యలో మంచినీళ్లు తాగి. ఆమె కంచం తీసేసి ల్యాబ్‌లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సభ ఏర్పాట్లు మాట్లాడ్డానికి డబ్బాల సారు వచ్చాడు. ఆమె స్లైడు ఆయన ముందు పెట్టింది, చూడమంది, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అవునమ్మా, మా పెద్దాసుపత్రిలో ఒక నర్సమ్మ ఇదే చెప్పేది, ఆడవాళ్లు కఫం ఇవ్వరు, ఉమ్మి ఇస్తారని. నేనే పట్టించుకోలేదు" అన్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఈయనకి అర్థమైంది, చాలు. కానీ ఆయన స్లైడు మెల్లగా కింద పెట్టి గొంతు తగ్గించాడు. "అయితే అమ్మా... ఆ సున్నా పైకి వెళ్లిపోయింది. పంపింది నేను. పెద్ద సారు దాన్ని అన్నిచోట్లా చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు తప్పంటే ముందు తెగేది నా మెడే. మందుల పెట్టె ఇవ్వాలంటే రిపోర్టు కాగితం మీద సంతకం కావాలి. డాక్టరుగారితో సంతకం పెట్టించండి, ఇవాళే ఇచ్చేస్తా. లేదంటే... పది రోజులే కదమ్మా."

పది రోజులే కదా! ఒకరు భోజనాల బల్ల దగ్గర అన్నారు, ఒకరు ల్యాబ్‌లో అన్నారు. దీని గురించి ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు, అయినా మాట కలిసింది. ప్రభుత్వమూ ప్రైవేటూ చేతులు కలపడమంటే ఏమిటో అనుకుంది ఇన్నాళ్లూ. ఇదన్నమాట! కలిసిన ఆ చేతుల కింద ఎవరి పీక ఉందో చూసుకోకుండా కలిపేస్తారు.

సంతకమే కదా కావాల్సింది. అది తనకి వచ్చు, ఆయనకంటే బాగా వచ్చు. గీకి ఇచ్చేస్తే ఈ క్షణమే మందుల పెట్టె వస్తుంది, మిషనక్క బతుకుతుంది. ఎవరికీ తెలీదు. ఆమె పెన్ను తీసింది కూడా. తీసి ఆగింది. మరి మిగతా నలభై మంది? వాళ్లని మళ్లీ పిలవాలంటే, ముందు రాసింది తప్పని ఎవరో ఒకరు చెప్పాలి. సంతకం డాక్టరుది, డాక్టరు చెప్పడు. చూసింది తను, కానీ ఏ కాగితం మీదా తను లేదు. లేని మనిషి చేసిన తప్పుని ఎవరు దిద్దుతారు? ఎనిమిది నెలలుగా మంచి పేరు ఆయనకి పోతుంటే ఊరుకుంది, పోనీలే అనుకుంది. ఇవాళ తప్పు కూడా ఆయన దగ్గరే దాక్కుని కూర్చుంది. నాకు పేరేం వద్దులే అని మంచితనం కొద్దీ వదిలేస్తే, ఆ మంచితనం నలభై మంది గొంతులో అడ్డం పడింది. ఆమె లేచింది. బీరువా తెరిచి, దుప్పట్లు నేల మీదికి లాగేసి, అడుగునున్న సర్టిఫికెట్ తీసింది. "దుప్పట్లెందుకే ఎండాకాలంలో?" అని అత్తగారు వెనకాలే వచ్చింది.

ముందు గదిలో డాక్టరు, డబ్బాల సారు సభకి కుర్చీలు ఎన్ని వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. బయట వరండాలో జనం, బల్ల చివర గోడకి తల ఆనించుకుని మిషనక్క. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె దాన్ని వెయ్యలేదు. సర్టిఫికెట్ తెచ్చి బల్ల మీద పరిచింది, పక్కన రిపోర్టు కాగితం పెట్టింది.

"సార్, డాక్టరు సంతకమే కావాలా? పరీక్ష చేసినవాళ్ల సంతకం చాలదా?"

డబ్బాల సారు సర్టిఫికెట్ చదివాడు, తలగోక్కున్నాడు. "ల్యాబ్ కోర్సు చదివినవాళ్లయితే... చాలుతుందమ్మా. అసలు రూలు ప్రకారం వాళ్లే పెట్టాలి."

"ఏంటిది?" అన్నాడు డాక్టరు. "ఇంట్లో విషయం ఇంట్లో మాట్లాడుకుందాం. నువ్వు లోపలికెళ్లు."

"ఇది ఇంట్లో విషయం కాదండీ."

"నా పరువు తీస్తావా?"

"మీ పరువెందుకు పోతుంది?" ఆమె గొంతు మామూలుగానే ఉంది, వరండాలో తలలు మాత్రం ఇటు తిరిగాయి. "తప్పు నేను చేశాను. ఉమ్మి చూసి జబ్బు లేదని రాశాను, నలభై ఒక్కమందికి. వాళ్లకి నేనే చెప్పుకుంటాను, క్షమించమంటాను, మళ్లీ రమ్మంటాను. పెరట్లోకి కాదు, గేటు దగ్గరికే రమ్మంటాను. వీధి వీధంతా విననీ."

"అయ్యో, అయ్యో, ఏం మాటలే ఇవి!" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"తప్పు నీదంటే?" డాక్టరు గొంతు పెంచాడు. "మైక్రోస్కోపు చూసేది డాక్టరు కాదని ఊరంతా చాటుతావా? ఎనిమిది నెలలుగా నేనేం చేశానంటారు? ఆ సభలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అది మీరు ఆలోచించుకోవాలి. ఆ తప్పు మీదైతే మీరు ఒప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీది కాదంటే ఆ పని కూడా మీది కాదు. రెండూ కాదంటే కుదరదు. ఏదో ఒకటి తొందరగా తేల్చండి, బయట మనిషికి జ్వరం కాస్తోంది."

డాక్టరు డబ్బాల సారు వైపు చూశాడు. డబ్బాల సారు సర్టిఫికెట్ వైపు చూశాడు. ఆమె ఎవరి వైపూ చూడలేదు, జవాబు కోసం ఆగనూ లేదు. కాగితం ముందుకు లాక్కుని, 'పరీక్షించినవారు' అన్న చోట తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి, దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: 'ఇంతకు ముందు రెండుసార్లు జబ్బు లేదని తప్పుగా రాసింది కూడా నేనే.'